పై సగంలో సున్నాలు

పద్మనగర్, భివండి
14 సెప్టెంబర్ 2025

పెద్దబాపు కొడుకు, నాకు కోడింగ్ నేర్పిన రితేష్ అన్నకు,

చెల్లెలు పూనం నమస్కారాలు. ఇక్కడ బాపు, అవ్వ బాగున్నారు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. నువ్వుంటున్న కాశేలి ఎంత దూరమని, ఆదివారం కూడా రాడేంది వీడు అని నన్నే అడుగుతోంది. నువ్వు ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావని ఆమెకు చెప్పలేదు. అందుకే ఈ కాగితం, అటు వస్తున్న మన పక్కింటి పంకజ్ చేతికిచ్చి పంపుతున్నాను. చింపకుండా చదువు.

పుణె కంపెనీ వాళ్లు నిన్న ఫోన్ చేశారు. నాకిస్తామన్న ఉద్యోగం నీకిచ్చారట. తప్పు పట్టుకున్నది నువ్వట, ఆ కోడ్ రాసిన అమ్మాయికి జాగ్రత్త లేదట. సూటిగానే అన్నారు.

తప్పు నాదే, కాదనను. బాపు ఏమైందని అడిగితే అంతా చెప్పాను. కంప్యూటర్ లోపలి కెర్నెల్‌కు బైట్‌కోడ్‌లో చిన్న ప్రోగ్రామ్‌లు వస్తాయి, వాటిని అప్పటికప్పుడు చిప్పు భాషలోకి మార్చే జిట్ అనే ప్రోగ్రామ్‌లో కొంత భాగం నేను రాశాను. ముప్పై రెండు బిట్ల విలువను తెచ్చి అరవై నాలుగు బిట్ల చోట పెట్టినప్పుడు పై సగంలో సున్నాలే ఉండాలి. ఉన్నాయని నమ్మే కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌ను నడవనిస్తుంది. నేను వాడిన లోడ్ ఆజ్ఞ చిన్న అంకెలకు సున్నాలే నింపుతుంది. పెద్ద అంకె వస్తే పై సగమంతా ఒకట్లు నింపేస్తుంది. పెద్ద సాంచా మగ్గం మీద పన్నా, వెడల్పు తక్కువున్న బట్ట నేసేటప్పుడు ఖాళీ పక్కన పాత పోగులు మిగలొద్దు కదా బాపూ, గట్లనే అన్నాను. ఆయన, మరి రితేష్ చూడలేదా బిడ్డా అన్నాడు.

నేనూ అదే అడుగుతున్నాను. మన షెడ్డులో నేసినవాళ్లు తమ బట్టను తామే పాస్ చేయరు, ఇంకొకరు చూడాల్సిందే. కోడ్‌కూ అదే పద్ధతి పెట్టుకుందామన్నది నువ్వే. చిన్న అంకెలు నేను చూసి, పెద్ద అంకెలు నీకు వదిలాను. జూన్‌లో కాశేలి నుంచే మా ఇంట్లో ఉన్న, ఆ చిప్పున్న చిన్న కంప్యూటర్ బోర్డులోకి లాగిన్ అయి నడిపావు. మనిద్దరికీ ఉన్నది అదొక్కటే. సాయంత్రం ఫోన్ చేసి, అంత బరాబరున్నది చెల్లె, చూసినోని కింద నా పేరు పెట్టి పంపియ్యి అన్నావు. నేను మళ్లీ చూడకుండా కెర్నెల్ వాళ్లకు పంపేశాను. నువ్వు చెప్పాక ఇంక చూసేదేముందనుకున్నాను.

ఇప్పుడేమో, పోయిన వారం అదే బోర్డు మీద మరోసారి నడిపితే తప్పు బయటపడిందని అందరూ చదివే మెయిల్‌లో రాశావు. సవరణ కూడా నీ పేరుతోనే పంపావు. నాకు ముందు ఒక్క ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలేదా? కడుపు మండిపోతోంది అన్నా. బాపేమో, పోనీ తియ్యి, మన ఇంటి పిల్లగానికే దొరికింది గదా నౌకరీ అంటున్నాడు. నౌకరీ నువ్వే ఉంచుకో. నా పేరు నాకు కావాలి. నువ్వా తప్పును ఎప్పుడు చూశావో అందరి ముందు నిజం రాయి, చాలు.

ఇంకా నిన్ను అన్నా అనే పిలుస్తున్న
పూనం

తా.క.: జూన్‌లో నువ్వు ఫోన్ పెట్టేసిన కాసేపటికే కరెంటు ఎక్కువ వచ్చి ఆ బోర్డు కాలిపోయింది. నీ మొదటి జీతంతో కొన్నావు కదా, బాధపడతావని చెప్పలేదు. అప్పటి నుంచి బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టాను. కాబట్టి పోయిన వారం నువ్వు దాని మీద ఏమీ చూడలేదు. చూసింది ఆ రోజే, అంత బరాబరున్నది చెల్లె అన్న రోజే.