నీలం గిన్నె, గుస్తావ్ పథ్యం

విన్స్‌లో ఫాల్స్, మిన్నెసోటా
అక్టోబరు 6

శ్రీమతి డెలోరిస్ కిట్టెల్సన్ గారికి,

మధ్యలో కంచె ఒక్కటే ఉండగా ఉత్తరం రాస్తున్నందుకు మన్నించాలి. ఫోనులో మాట్లాడటం నాకింకా చేతకావడం లేదు.

మా ఆవిడ ఆర్డిస్ అంత్యక్రియల తర్వాత చర్చి ఆడవాళ్ళు వండి తెచ్చిన గిన్నెలు తొమ్మిదీ కడిగి మీ మెట్ల మీద పెట్టాను. అడుగున అంటించిన పేర్లు ఊడలేదు. ఎవరివి వారికి చేర్చగలరు. అన్నీ బాగున్నాయని చెప్పండి.

అసలు విషయం పిల్లిది. గుస్తావ్‌కి షుగరు వచ్చింది. 430. రోజుకి రెండు ఇంజెక్షన్లు. పన్నెండు గంటల తేడాతో మాంసం డబ్బా, అదీ కొలిచి. నూడుల్స్, బంగాళాదుంప, రొట్టె, ఏదీ నోటికి తగలకూడదు. ఉత్తరాలు తూచే త్రాసు మీద తూచి పెడుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీకి భూములు సర్వే చేసినవాణ్ణి, కొలత తప్పను. మీరు గానీ వీధిలోవాళ్ళు గానీ వాడికేమీ పెట్టవద్దని మనవి.

చివర్లో ఆర్డిస్ నన్ను అడిగింది ఒక్కటే, పిల్లిని చూసుకోమని.

మీ పొరుగువాడు,
హాల్వర్ నిగార్డ్

తా.క. మా నీలం గిన్నె, మూత అంచు విరిగినది, కనిపించడం లేదు. పొరపాటున ఎవరింటికైనా చేరిందేమో చూడండి.


అక్టోబరు 9

హాల్వర్ గారికి డెలోరిస్ నమస్కారాలు.

పక్కింటి నుంచి స్టాంపు అంటించుకుని వచ్చిన ఉత్తరాన్ని మా ఆయన ఆర్విల్ రెండుసార్లు తిప్పి తిప్పి చూశాడు. నాకైతే ఉత్తరం రావడమే బాగుంది.

వీధిలో పదకొండిళ్ళకీ ఫోను చేసి చెప్పాను. గుస్తావ్‌కి ఎవరూ మెతుకు విదల్చరు. చివరింటి ముసలావిడ ఎందుకైనా మంచిదని తన కుక్కకి కూడా తిండి తగ్గించేసింది.

మీరు తింటున్నారు, నాకదే చాలు. గిన్నె అంత శుభ్రంగా ఖాళీ చేసే మగవాణ్ణి నేను చూడలేదు. మా ఆర్విల్ బఠాణీలన్నీ ఏరి అంచున పేరుస్తాడు. ఇంతకన్నా రాయను. మాటిచ్చాను.

మీ మేలు కోరే
డెలోరిస్

తా.క. నీలం గిన్నె క్షేమం. ఎక్కడని అడగకండి.


అక్టోబరు 20

డెలోరిస్ గారికి,

మీ సహాయానికి కృతజ్ఞతలు. అవును, తిన్నాను. బాగున్నాయి.

షుగరు 468. పథ్యం మొదలుపెట్టాక పెరిగింది. నా కొలతల్లో తప్పు లేదు, గ్రాఫు జతచేశాను. పైగా నేను పెట్టిన దాంట్లో సగం వదిలేస్తున్నాడు. సగమే తినే పిల్లికి షుగరు ఎలా పెరుగుతుంది? డాక్టరమ్మ నన్నో చూపు చూసి, ఎవరో పెడుతున్నారంది. వాడు ఇల్లు దాటి వెళ్ళడు.

నొచ్చుకోకుండా వినండి. ఆర్విల్ గారు చేపలు శుభ్రం చేసే బల్ల మా వెనక వసారా జాలీకి నాలుగడుగుల పదకొండంగుళాల దూరంలో ఉంది. కౌంటీ పటంతో సరిచూశాను. ఒకసారి ఆయన్ని అడగగలరా?

ఇట్లు,
హాల్వర్ నిగార్డ్

తా.క. నేరం మోపడం లేదు. దూరం చెబుతున్నానంతే.


అక్టోబరు 24

హాల్వర్ గారికి,

అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఆర్విల్ బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. తర్వాత ఆ బల్లని గరాజులోకి ఈడ్చుకుపోయి అక్కడే కూర్చున్నాడు. "మీ సర్వేయరు ముప్పయ్యేళ్ళు కంచెలు కొలిచాడు గానీ, కంచెకి ఇవతల ఓ మనిషుంటాడని ఎప్పుడైనా చూశాడటే?" అన్నాడు. భోజనం కూడా గరాజుకే పంపమన్నాడు.

అది అలా ఉంచండి. నిన్న పోస్టు డబ్బా దగ్గర మిమ్మల్ని చూశాను. కోటు కొయ్యకి తగిలించినట్టుంది. అంత తింటున్నా ఒంటికి పట్టడం లేదేమిటి? ఇంకాస్త కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు మీరు. అందుకే మీరడక్కుండా నేనే పెంచాను, నిన్నటి నుంచి. మీకే తెలుస్తుంది.

డెలోరిస్

తా.క. గ్రాఫు నాకేమీ అర్థం కాలేదు. కొండలా అందంగా ఉందని ఫ్రిజ్‌కి అంటించాను.


నవంబరు 3

డెలోరిస్ గారికి,

మీరు పెంచినవి ప్రార్థనలనుకుంటాను. కృతజ్ఞతలు. సరిగ్గా ఆ రోజు నుంచే షుగరు 540 దాటింది.

గుస్తావ్ వెనక కాళ్ళు పట్టు తప్పాయి. మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడు. సోఫా ఎక్కలేక కింద కూర్చుని పైకి చూస్తాడు. నిన్న డాక్టరమ్మ బల్ల మీద వాంతి చేసుకున్నాడు. అందులో నూడుల్స్, బంగాళాదుంప. "నిగార్డ్ గారూ, పిల్లి తనంతట తాను వండుకోదు కదండీ," అంది ఆవిడ. ఉల్లిపాయ లేదు కాబట్టి బతికిపోయాడట, అది పిల్లులకి విషమట. శుక్రవారం దాకా చూద్దాం, తగ్గకపోతే వాణ్ణి ఒక్క సూదితో బాధ లేకుండా పంపించేసే విషయం ఆలోచించుకోండని చెప్పింది.

ఒక్క పని అప్పగించింది ఆర్డిస్. అదీ చెయ్యలేకపోయాను. ఆమెను ఎరిగినవాడు ఈ ఇంట్లో నేను కాక వాడొక్కడే.

దారి ఒక్కటే కనిపిస్తోంది. వంటింటి వెనక తలుపు నేను సెప్టెంబరు నుంచి తియ్యలేదు. వసారాలో ఆర్డిస్ కుర్చీ ఉంది. తలుపు అడుగున గుస్తావ్ దూరే రెక్క ఉంది. వాడు వెళ్తాడు, నేను వెళ్ళను. పెట్టేవాళ్ళెవరో అక్కడికే వస్తున్నారు. రేపు సాయంత్రం ఐదింటికి ఆ తలుపు తీస్తాను.

హాల్వర్

తా.క. దొరికితే ఏమనాలో ఇంకా అనుకోలేదు. మర్యాదగానే అంటాను.


నవంబరు 4

హాల్వర్ గారూ,

మీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయాను. మీరు ఆ తలుపు తీసేలోగా ఇది చేరాలి, అందుకే ముందు తలుపు కింద నుంచి తోస్తున్నాను.

పెట్టింది నేను. పిల్లికి కాదు, మీకు. ఆర్డిస్ ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "అడిగితే వద్దంటాడే. తలుపు తట్టకు, మాట కూడా ఎత్తకు. సాయంత్రం ఐదింటికి వసారాలో నా కుర్చీ మీద పెట్టి వచ్చెయ్యి. ఆకలేస్తే తనే వస్తాడు." సెప్టెంబరు చివరి నుంచి ఒక్క రోజు మానలేదు. పొద్దున వెళ్తే గిన్నె అద్దంలా మెరిసేది. ఆ మెరుపు నాలుకదని నాకెందుకు తట్టలేదో.

ఉల్లిపాయ వెయ్యకపోవడం నా తెలివి కాదు. అది మాత్రం ఒప్పుకుంటున్నాను.

ఇవాళ్టిది ఓవెన్‌లో ఉంది. మాటిచ్చాను కాబట్టి తెచ్చి పెడతాను. ఈసారి మూత మీద ఇటుక ఉంటుంది.

సిగ్గుతో,
డెలోరిస్

తా.క. పక్కన పెట్టిన స్పూను ఏ రోజూ తడి కూడా అయ్యేది కాదు. కడిగి తుడిచి పెడుతున్నారు, ఎంత మర్యాదస్తులో అనుకున్నాను.


నవంబరు 17

డెలోరిస్ గారికి,

మీ ఉత్తరం ముందు తలుపు కింద పడే వేళకి నేను వెనక తలుపు దగ్గర ఉన్నాను. రాత్రి దాకా అది చూడలేదు.

తలుపు చెమ్మకి బిగుసుకుపోయింది. భుజంతో తొయ్యాల్సి వచ్చింది. కుర్చీ మీద తువ్వాలు చుట్టిన నీలం గిన్నె, దాని మీద ఇటుక. ఇటుక పక్కన దొంగ. నన్ను చూసి దొంగ కదల్లేదు, మూత తియ్యమన్నట్టు చూశాడు.

గిన్నె ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. దొంగతనం ఏమిటో తెలియాలి కదా అని ఒక స్పూను తిన్నాను. షాజీరా తగిలింది. ఉల్లిపాయ నాకు పడదు. ఈ ఊళ్ళో ఉల్లిపాయ మానేసి షాజీరా వేసి నూడుల్స్ వండే మనిషి ఒక్కతే, ఆమె సెప్టెంబరు పన్నెండున పోయింది. తన వంటలన్నీ రాసి పెట్టుకున్న కార్డుల పెట్టె అలమరాలో లేదు. మీ దగ్గరుందని అప్పుడు అర్థమైంది.

మీకొక నిజం చెప్పాలి. ఆ తొమ్మిది గిన్నెల్లోదీ నేను తినలేదు, చెత్తలో పారేసి కడిగాను. సెప్టెంబరు నుంచి ఉప్పు బిస్కట్లతో ఉన్నాను. ఆరు వారాలు ఆర్డిస్ వంట తలుపుకి అవతల ఉంది. పిల్లికి తెలిసింది. నాకు తెలియలేదు.

ఆ రోజు గిన్నె ఖాళీ చేశాను. ఆ రోజు నుంచి రోజూ. గుస్తావ్ ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా లెక్కపెడుతున్నాడు. అసహ్యంగా చూస్తున్నాడు. అయినా తన డబ్బా తాను తింటున్నాడు. షుగరు 190. నిన్న సోఫా ఎక్కబోయి పడ్డాడు, మళ్ళీ ఎక్కాడు. పథ్యంలో ఏం మార్చారని డాక్టరమ్మ అడిగింది. తలుపు తీశానన్నాను. కాగితం మీద అదే రాసుకుంది.

మీకు రుణపడిన,
హాల్వర్

తా.క. ఆర్విల్ గారికి క్షమాపణ. బల్ల మళ్ళీ పెరట్లో పెట్టుకోమనండి. ఎంత దూరంలో అన్నది ఆయన ఇష్టం.

మరొకటి. పెట్టెలో ఇంకా వండని కార్డులెన్ని మిగిలాయో మీకు తెలిసే ఉంటుంది. నేను లెక్కలు అడిగే మనిషినే. ఇది మాత్రం చెప్పకండి.