ఐదో చెట్టు

కొత్తపేట, 1979 ఫిబ్రవరి, బుధవారం

‘అందరూ’, ‘ప్రతి’, ‘కొందరు’ లాంటి మాటల్ని జనం ఎలా అర్థం చేసుకుంటారన్నది నా పరిశోధన. అందుకని గీసిన బొమ్మల్లో ఒకటి ఇవాళ సత్తెయ్యకి చూపించాను. నా చిన్నప్పటి నుంచీ మా తోటలో కొబ్బరికాయలు దింపేది ఆయనే.

బొమ్మలో ఐదు కొబ్బరిచెట్లు, నాలుగింటి మీదే మనుషులు.

“ప్రతి చెట్టు మీదా మనిషున్నాడా, సత్తెయ్యా?”

“ఆయ్, ఉన్నారండీ.”

కార్డు మీద ‘తప్పు’ అని రాసుకుని చివరి చెట్టు మీద వేలు పెట్టాను. “మరి ఇది ఖాళీయేగా?”

సత్తెయ్య బొమ్మని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. “కాలవ మీదకి వొంగిన చెట్టేగాండీ అమ్మాయిగారూ? అది మా తమ్ముడిదండీ. ఆడు దాని మీంచి పడి చనిపోయాక మేమెవరం ఎక్కలేదండీ. ఆడిదేనండీ.”

అప్పుడు చూశాను. ఏవో చెట్లనుకుని మా తోటనే గీశాను. కాయ కోసేముందు వాళ్ల తమ్ముడు పైనుంచి ఈల వేసేవాడు. కింద ఆడుకుంటున్న పిల్లలం నవ్వుతూ పరిగెత్తేవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత ఆ ఈల ఇవాళ గుర్తొచ్చింది.

‘తప్పు’ కొట్టేశాను. ‘ఒప్పు’ రాయడానికి చెయ్యి రాలేదు. ఆ చెట్టుని ఖాళీగా గీసింది నేనే.