వెనక సీటు మీది శాలువా

శంషాబాద్,
3 ఫిబ్రవరి 2012.

కాటేదాన్‌లో సీటు కవర్ల షాపు నడిపే ఐలయ్యకు, రిటైర్డు తెలుగు పండితుడు దశరథం ఆశీస్సులు.

మా వీధి ఆటో డ్రైవరు మల్లేశ్వర్ నా పాత ఎస్టీమ్ కారును నీ దగ్గరికి తెస్తాడు. లోపల టాపుకు అంటించిన గుడ్డ ఊడి జారింది. వెనక కూర్చున్నవాళ్ల ముఖం మీద పెళ్లికూతురి ముసుగులా పడుతోంది. ఇక్కడి మెకానిక్ గుండుసూదులు గుచ్చి పంపాడు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా అవి నా బట్టతలను వెతుక్కుంటూ దిగుతున్నాయి.

ఇరవయ్యో తేదీన మా పాత హెడ్మాస్టరు బాలమల్లు పుణె నుంచి విమానంలో దిగుతున్నాడు. మా పెన్షనర్ల సంఘం వార్షికోత్సవానికి ఆయన ముఖ్య అతిథి. సభ్యులు ఇంతమంది ఉండగా 'దశరథం కారులోనే వస్తాను' అని కబురు పెట్టాడు. ఎందుకో నాకు తెలుసు. నా కారు ఏ స్థితిలో ఉందో చూసి సంతోషించడానికి. ఆ సంతోషం ఆయనకు దక్కకూడదు.

ఫోన్ చేయకు. ఫోన్లో అన్న మాటను తర్వాత ఎవరూ అనలేదంటారు. రాసి మల్లేశ్వర్ ఆటోలో పంపు.

ఇట్లు,
దశరథం

తా.క.: గుడ్డ సంచిలో పంపుతున్నాను. నీ షాపు గుడ్డ మీద నాకు నమ్మకం లేదు. నొచ్చుకోకు, నాకు నమ్మకం ఉన్న షాపంటూ ఏదీ లేదు.

---

కాటేదాన్,
5 ఫిబ్రవరి.

దశరథం సార్‌కు ఐలయ్య నమస్తే పెట్టి రాసేది.

సార్, గుడ్డ గుంజిన. దాని వెనక స్పాంజి ఉంటది, అది ఎండకు పొడి పొడి అయింది. మొత్తం నా నెత్తి మీదనే పడ్డది. ఇంటికి పోతే మా లచ్చమ్మ 'ఏంది, ఏ జాతరకెళ్లి వస్తున్నవ్, గింత పసుపు పూసుకొని' అన్నది. ఆ పొడి గీకి, కొత్త స్పాంజి ఏసి, దాని మీద గుడ్డ అంటించాలె. లేకుంటే నెలకే మళ్ల జారుతది.

కానీ మీ సంచిల గుడ్డ లేదు సార్. ఏడు శాలువాలు ఉన్నయ్. ఏం జెయ్యమంటరు?

మీ ఐలయ్య

తా.క.: గుండుసూదులు నూట డెబ్బై మూడు ఎల్లినయ్. డబ్బాల ఏసి పంపుతున్న. ఎన్నో రాసి పంపమంటరని ముందే లెక్కవెట్టిన.

---

శంషాబాద్,
6 ఫిబ్రవరి.

ఐలయ్యకు దశరథం ఆశీస్సులు.

సంచి మార్చింది అమృతమ్మ. నా సన్మాన శాలువాలు బీరువాకు బరువని నా భార్య అభిప్రాయం. మొదట కోపం వచ్చింది. టీ తాగాక ఆలోచన వచ్చింది. అవే వెయ్యి.

ముందు వైపు నీ ఇష్టం. వెనక సీటు మీద మాత్రం ఆ మెరూన్ శాలువాయే రావాలి, అతిథి తలకు సరిగ్గా పైన. 1999లో నేను రిటైరైన రోజు బాలమల్లు నిండు సభలో నాకు కప్పింది అది. ఇన్నేళ్లలో ఒక్కసారి కప్పుకోలేదు, ఒక్కసారి ఉతికించలేదు. అది ఎలాంటిదో చూస్తే నీకే తెలుస్తుంది. శ్రద్ధగా చెయ్యి.

ఇట్లు,
దశరథం

తా.క.: నా సూదులు నూట ఎనభై. మిగతా ఏడు సీట్లో ఉంటాయి. కూర్చునేటప్పుడు నువ్వే చూసుకో.

---

కాటేదాన్,
10 ఫిబ్రవరి.

దశరథం సార్‌కు ఐలయ్య నమస్తేలు.

పని అయింది సార్. టాపు డప్పు లెక్క బిగిసింది. మెరూన్ శాలువాకు నడుమ చిల్లుండె. అంత పెద్దసారు కప్పిన శాలువా, ఆయన నెత్తి మీదనే చిల్లు కనవడితే మీ పరువేంగావాలె? మా కోడలు కళ్యాణితోని రఫూ చేయించిన. చిల్లు ఎక్కడుండెనో ఇప్పుడు నాకే దొరుకుతలేదు.

మీ ఐలయ్య

తా.క.: ఒక సూది దొరికింది సార్. నేనే చూసుకున్న.

---

శంషాబాద్,
11 ఫిబ్రవరి.

ఐలయ్యకు,

రఫూ చేయమని నిన్నెవరు అడిగారు? ఆ చిల్లు నాది. ముప్పై రెండేళ్ల ఉద్యోగానికి బాలమల్లు నాకిచ్చిన సత్కారం ఆ చిల్లు. పదమూడేళ్లు కలరా ఉండలు వేసి కాపాడాను, కొత్త పురుగు పట్టి అది పెద్దదైతే నా ఫిర్యాదు అతిశయోక్తి అవుతుందని. ఎయిర్‌పోర్టు నుంచి హాలు దాకా ఆయన తల ఎత్తినప్పుడల్లా అది కనబడాలి. రఫూ వెంటనే విప్పు. చిల్లు పావలా బిళ్లంత ఉండాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

దశరథం

తా.క.: కత్తెరతో కొత్త చిల్లు చెయ్యకు. ఆయనకు తేడా తెలుస్తుంది.

---

కాటేదాన్,
14 ఫిబ్రవరి.

దశరథం సార్‌కు ఐలయ్య నమస్తేలు.

కోపం జెయ్యకుండ్రి. విప్పుదామని శాలువా ఒక మూలకు లేపిన. వెనక చాకలి పెట్టిన గుర్తులు రెండున్నయ్, చెరగని నల్లజీడి రసంతోని. ఒకటి గుండ్రం, అందుల అడ్డగీత. అది ఎవరిదో తెల్వది. ఇంకోటి మూడు చుక్కలు, కింద గీత. గిదే గుర్తు మీ కారు సీటు కవర్లకు గూడ ఉన్నది. ఒక్కసారి గూడ ఉతికించలేదంటిరి గద. మరి మీ ఇంటి గుర్తు దాని మీదికి ఎట్ల వచ్చింది? నేను పరేషాన్ అయిన. అమ్మను జర అడుగుండ్రి. అందాక రఫూ ముట్ట.

మీ ఐలయ్య

తా.క.: రెండిట్ల మీ గుర్తే ఎక్కువ మాసింది సార్. ముందుగాల పడ్డది అదే కావొచ్చు.

---

శంషాబాద్,
21 ఫిబ్రవరి.

ఐలయ్యకు దశరథం నమస్కారాలు. ఆశీర్వదించే స్థితిలో లేను.

అమృతమ్మను అడిగాను. ఆమె రొట్టె చేయడం ఆపలేదు.

'తొంభై ఆరుల బాలమల్లు సారుకు హెడ్మాస్టరు ప్రమోషన్ వస్తే సన్మానం జేసింది నువ్వే గద. నీకు రాలేదన్న మంటతోని బజారుకు గూడ పోలే. మన పెట్టెలకెళ్లి గీ మెరూన్ శాలువానే గుంజుకపోయినవ్. చిల్లున్నదయ్యా అంటే, మడతల కనవడదన్నవ్.'

నాకు గుర్తు లేదని రాయాలని ఉంది. కానీ రాసింది నిలిచిపోతుంది. అందుకే రఫూ విప్పించకుండానే మల్లేశ్వర్‌తో కారు తెప్పించుకున్నాను.

నిన్న ఆయన వెనక సీట్లో కూర్చుని పైకి చూశాడు. తొండుపల్లి దాకా చూస్తూనే ఉన్నాడు. తర్వాత చేత్తో టాపు తడిమాడు.

'దశరథం, చిల్లేదయ్యా?'

'రఫూ చేయించాను సార్.'

'నువ్వు చిల్లుది కప్పినవని మూడేండ్లు మండిన. అందుకే నీ శాలువా నీకే కప్పిన. అందరి ముందల అడుగుతవనుకున్న. ఒక్క మాట అనకపోతివి. నా తప్పు నేనే తెలుసుకోవాలని ఊకున్నవనుకున్న. గంత పెద్ద మనసు నాకు లేకపాయె. గా మాట చెప్పేతందుకే నీ కారుల వస్తనన్న.'

స్పీడు బ్రేకరు నాకు కనబడలేదు. కారు ఎగిరి పడింది. టాపు మాత్రం కదలలేదు. నీ పని మంచిది.

పెద్ద మనసు సంగతి నేను ఖండించలేదు.

ఇట్లు,
దశరథం

తా.క.: ఆదివారం మా సంఘం నీకూ కళ్యాణికీ సన్మానం చేస్తోంది. శాలువాలు అమృతమ్మే బజారుకు వెళ్లి కొన్నది, నన్ను పోనివ్వలేదు. అయినా కప్పగానే తిరగేసి చూసుకో.