ఊరు గెలిచాక

మా అక్కకి,

చెవి వినపడకపోయినా నా మాట ఆసాంతం వినేదానివి నువ్వొక్కదానివే. ఫోనులో అరిచి చెప్తే పక్కింటివాళ్ళందరికీ తెలుస్తుంది, నీకు తప్ప. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కళ్ళజోడు దగ్గర పెట్టుకో.

మన అమ్మాయి సంబంధం సంగతి. లిఫ్టులు బాగుచేసే అబ్బాయి అని చెప్పాను కదా. అమ్మాయి పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబులో లిఫ్టు ఆగిపోయి, ఇది లోపల ఇరుక్కున్నప్పుడు పరిచయమయ్యాడు. ఆదివారం ఆదివారం ఇంటికి వస్తాడు. చెప్పులు గోడవారగా విడుస్తాడు. ఏం పెట్టినా వంక పెట్టడు. “నువ్వు ఊ అంటే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేస్తాం, వద్దంటే ఆగుతాం” అంది అమ్మాయి. ముప్పై దాటిన పిల్ల, నన్ను అడగడమే గొప్ప. ఊ అనేద్దామనే అనుకున్నాను. పోయిన ఆదివారం ఆ సంగతి నా కళ్ళతో చూడకుండా ఉంటే అనేసేదాన్నే.

వాళ్ళిద్దరూ కంప్యూటర్లో ఒక ఆట ఆడతారు. పాతకాలపు రాజుల ఆట. అగ్గిపెట్టెలంత కోటలు, చీమల్లాంటి సైన్యాలు. నేను వెనక కుర్చీలో బఠాణీలు వలుస్తూ కూర్చున్నాను. ఆ రోజు క్రూసేడు అన్నారు, అంటే మతం కోసం చేసే దండయాత్రట. పెద్ద మతగురువు ఏదో దూరపు ఊరి పేరు చెప్తాడు, రాజులంతా అక్కడికి బయల్దేరతారు. దారిలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే సైనికులు విసుగెత్తి ఒక్కొక్కరే జారుకుంటారట. అందుకని ఎండనక వాననక నడిపిస్తూనే ఉండాలి, సముద్రం వస్తే ఓడ ఎక్కించాలి. నాకు వాళ్ళ తిండి గురించి బెంగ పట్టుకుంది. “ఆ ఓడలో ఇంతమందికీ చోటుందా బాబూ?” అని అడిగాను కూడా. “సర్దుకుంటారండీ” అన్నాడు నవ్వకుండా. ఆ మర్యాద నాకు నచ్చింది.

ఊరు గెలిచారు. అప్పుడు తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. ఊళ్ళోవాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యాలా, దోచుకోవాలా, చంపెయ్యాలా అని. అబ్బాయి చంపెయ్యమనే దాని మీద నొక్కాడు. నొక్కి, “ఇంక తిరుగుబాట్ల గొడవ ఉండదు” అని అమ్మాయి వంక చూసి నవ్వాడు. అది అతనికి బిస్కెట్టు అందించింది. నా చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

ఆటే కదా అంటావు. ఇప్పటిదాకా నీకు చెప్పని మాట ఒకటి చెప్తాను. మీ మరిది నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడాడు! “గ్లాసు కింద పెడితే చప్పుడైనా కాలేదే” అని నువ్వే మెచ్చుకున్నావు. పెళ్ళయ్యాక కూడా చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. కానీ కిటికీ తెరవాలంటే అడగాలి. పక్కింటికి వెళ్ళాలంటే అడగాలి. నీకు ఒక కార్డు ముక్క రాయాలంటే అడగాలి. అడిగితే కాదనేవాడు కాదు. అడగడం మర్చిపోతే మాత్రం అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పొద్దున లేవగానే ఆయన మొహం చూసి, ఈ రోజు ఎట్లా గడుస్తుందో అంచనా వేసుకునేదాన్ని. ఇన్నేళ్ళయింది ఆయన పోయి. ఇప్పటికీ ఆయన కుర్చీ వైపు ఓసారి చూసిగానీ కిటికీ రెక్క తియ్యను.

గెలుచుకోవడానికి వచ్చేటప్పుడు అందరూ మంచివాళ్ళేనే అక్కా. గెలిచాక ఎట్లా ఏలతారన్నదే నా భయం. నాకు పట్టింది దానికి పట్టకూడదు. ఈ ఆదివారం వద్దని చెప్పేస్తాను.

దిగులు తప్ప వేరే ఆస్తి లేని
నీ చెల్లి

* * *

నా బెంగలన్నిటికీ పుట్టిల్లయిన అక్కకి,

నీ జవాబు అందింది. “పేకలో రాణిని కొట్టినవాడు పెళ్ళాన్ని కొడతాడనుకుంటే ఊళ్ళో ఒక్కడికీ పెళ్ళవదే” అని తిట్టావు. తిట్టు బాగానే ఉంది. కానీ కాగితం అడుగున, “మరిది సంగతి ముందే చెప్పొద్దటే పిచ్చిదానా” అని చిన్నగా రాశావు చూడు, ఆ ముక్క చింపి దిండు కింద పెట్టుకున్నాను.

ఆదివారం అబ్బాయి ముందొచ్చాడు. అమ్మాయికి పని తెమల్లేదట. వద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని ఎదురుగా కూర్చున్నాను. నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది.

“బాబూ, ఆ ఊళ్ళోవాళ్ళని ఎందుకు చంపించావు?”

అతను అర్థంకానట్టు చూశాడు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

“అది నా రాజ్యం కాదండీ, మీ అమ్మాయిది. పళ్ళ అచ్చులు గీకి గీకి తన మణికట్టు నొప్పి పుడుతోంది కదా, అందుకని మౌసు నేను పట్టుకుంటాను. తను చెప్తుంది, నేను నొక్కుతాను.”

“చంపమని అది చెప్పిందా? నాకు వినపడలేదే.”

“మోకాలితో పొడిచి చెప్పిందండీ.”

మరి నీ రాజ్యం ఏదంటే కంప్యూటరు పెట్టి చూపించాడు. అరచేతిలో సగం ఉంది. అతనూ క్రూసేడుకు వెళ్ళి ఒక ఊరు గెలిచాడట. జనాన్ని ఏమీ చెయ్యలేదు. పన్ను తగ్గించాడు, చర్చి కట్టించాడు, రోడ్లు వేయించాడు, సైన్యాన్ని కదపకుండా అక్కడే కాపలా పెట్టాడు. అయినా వాళ్ళు మెత్తబడలేదు. సైన్యం అటు బయటికి రావడం, ఇటు వాళ్ళు కోట తలుపులు వేసేసుకోవడం.

“మళ్ళీ వెళ్ళి పట్టుకోలేదా?”

“ఏం పట్టుకుంటాం లెండి. కాపలా కాసి కాసి నేనే అలిసిపోయాను. ఇప్పుడు వాళ్ళ ఊరు వాళ్ళు ఏలుకుంటూ నా దగ్గర సరుకులు కొంటున్నారు.”

ఇంతలో అమ్మాయి వచ్చింది. తెర చూసి, “చేతకాని రాజా, మా అమ్మకి నీ ఓటమి కూడా చూపిస్తున్నావా?” అంది. నేను ఊరుకోలేదు.

“నువ్వటే ఊరంతటినీ చంపించింది?”

“మరేం చెయ్యమంటావు? వదిలేస్తే నేను అటు తిరగ్గానే తిరగబడతారు. కోపంగా ఉన్నారా, శాంతంగా ఉన్నారా అని రోజూ చూసుకుంటూ కూర్చోవాలి. ఒకరి మొహం చూస్తూ బతకడం నా వల్ల కాదమ్మా.”

నీళ్ళు తాగుతూ మామూలుగానే అంది. నేను మాత్రం ఆయన కుర్చీ వైపు చూశాను. ఆయన ఉన్న రోజుల్లో మూల కూర్చుని ఎక్కాలు బట్టీపట్టే పిల్ల కదా అక్కా, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాను. అన్నీ చూస్తూనే పెరిగింది. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరు ఏలతారోనని భయపడ్డాను. అది ఎవరిని ఎట్లా ఏలుతుందో అన్న ఆలోచనే రాలేదు నాకు.

నా బెంగ పోలేదు, ఇల్లు మారింది. అమ్మాయి కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళగానే అబ్బాయితో నెమ్మదిగా అన్నాను.

“కన్నకూతురని దాచను బాబూ, అది మొండి ఘటం. బాగా ఆలోచించుకో. మీ వైపు పెద్దవాళ్ళని కూడా అడుగు.”

“మా వైపు పెద్దవాళ్ళెవరూ మిగల్లేదండీ. నేనే ఆలోచించుకున్నాను. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు బయట ఉన్న మమ్మల్ని తిడతారండీ. తనొక్కతే, ‘తొందరేం లేదు, మీ చెయ్యి జాగ్రత్త’ అంది. నాకది చాలు.”

ఊ అన్నాను అక్కా. అమ్మాయి తుండుతో కాళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఏమిటి ఇద్దరూ మంతనాలాడుతున్నారని అడిగింది. ఊ అన్నానని చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చుని, నొప్పిగా ఉన్న చెయ్యి నా ఒళ్ళో పెట్టింది.

సంతకాలు వచ్చే నెలలో. నువ్వు తప్పకుండా రావాలి. నీకో పని ఉంది. ఆ పిల్లాడికి నా అనేవాళ్ళు లేరు కాబట్టి నేను మగపెళ్ళివారి వైపు కూర్చుంటున్నాను. ఆడపెళ్ళివారి వైపు నువ్వు కూర్చో. కట్నాలూ కానుకలూ ఏమీ అడగం. మీ పిల్ల మా అబ్బాయిని సరిగ్గా చూసుకోవాలి, అంతే. తర్వాత మాట అనిపించుకోవద్దని ముందే రాస్తున్నాను.

ఇట్లు
మీ వియ్యపురాలు