ఆరో పసుపు గుడ్డ

ఏమండీ,

మీరు వెళ్ళి ఈ రోజుకి అరవై ఎనిమిది రోజులు. నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. బీపీ మాత్ర టిఫిన్ తర్వాత మర్చిపోకుండా వేసుకుంటున్నాను. మీరు అడిగే మొదటి మాట అదే కాబట్టి ముందే రాసేస్తున్నాను.

మన రిపేరు షెడ్డు మళ్ళీ తెరిచాం. మొదటి మాసికం అయిన మర్నాడే సూరిబాబు వచ్చి తాళాలు అడిగాడు. పద్దెనిమిదేళ్ళు మీ పక్కన పనిచేసిన మనిషి, మన వంటింట్లో కూర్చుని భోంచేసిన మనిషి... ఆ రోజు మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు. తాళాలు ఇచ్చాను. ఇప్పుడు రోజూ తీస్తున్నాడు.

ఈ ఉత్తరం అందుకు కాదు. అంబాజీపేట సత్తిబాబుగారి కారు మళ్ళీ మన షెడ్డుకి వచ్చింది. దాని సంగతి మీకే రాయాలి.

ఆ డీజిల్ కారు గుర్తుందిగా? మీ చేతి ఆఖరి పని అది. గురువారం టర్బో, ఇంజన్ పొగని దానికి చేర్చే మానిఫోల్డు విప్పి, కొత్త గ్యాస్కెట్లు వేసి బిగించారు. సూరిబాబు ఆ రోజు మేనకోడలి పెళ్ళికి తుని వెళ్ళాడు. మీరొక్కరే చేశారు. శుక్రవారం సాయంత్రం కారు ఇచ్చేశారు. శనివారం తెల్లారేసరికి మీరు లేరు.

కారు ఇంటికి చేరక ముందే పొగ మొదలైందట. వెనకొచ్చే బస్సువాడు హారన్ కొట్టి, ఆపి మరీ తిట్టాడట. ట్రాక్టరుకి కట్టి లాక్కెళ్ళారు. తెల్లారి మీకు ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తేసరికి సత్తిబాబుగారికి మీ కబురు తెలిసింది. ఆయన రిసీవర్ పెట్టేశారు. కారుని కొబ్బరి కొట్టు వెనక పెట్టి, టార్పాలిన్ కప్పి, మన ఇంట్లో కార్యక్రమాలన్నీ అయ్యేదాకా ఒక్క మాట అనలేదు. బస్సుల్లో తిరిగారు.

పోయిన వారం వచ్చారు. కుర్చీలో సగమే కూర్చున్నారు. "అమ్మా, తప్పుగా అనుకోకండి. కారు రాజమండ్రిలో చూపించుకుంటానండి. అక్కడెవరికీ మేస్త్రీగారి పేరు చెప్పనండి" అన్నారు.

కారు ఇక్కడికే పంపమన్నాను.

ఎందుకన్నానో మీకు చెప్పాలి. ఆ గురువారం సాయంత్రం మీరు తెచ్చిన బకెట్టులో గుడ్డలు ఐదే ఉన్నాయి.

నా పాత పసుపు వాయిల్ చీర చించి ఆరు గుడ్డలు చేసి ఇచ్చాను, గుర్తుందా? నల్లగుడ్డలు ఇస్తానంటే మీరు ఒప్పుకోలేదు. "ఇంజనూ నలుపే, గుడ్డా నలుపే అయితే నాకెలా కనపడుతుందే? పెళ్ళికూతురిలా కనపడాలి" అన్నారు. విప్పిన ప్రతి కన్నంలోనూ గుడ్డ కుక్కేవారు, మట్టో నట్టో లోపల పడకుండా. సాయంత్రం అవి ఇంటికొచ్చేవి. కిరసనాయిల్లో నానబెట్టి, వేడినీళ్ళలో ఉతికి ఆరేసేదాన్ని. ఎన్ని వచ్చాయో పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. ఎన్నేళ్ళు రాశానో! ఎప్పుడూ ఆరే.

ఆ రోజు ఐదు. చూశాను. ఐదు అని రాశాను కూడా.

మీరు అన్నం వద్దని పడుకున్నారు. వాము నీళ్ళు అడిగారు. ఇచ్చాను. నిద్రపోతున్న మనిషిని గుడ్డ కోసం లేపడమేంటి, రేపు అడుగుదాంలే అనుకున్నాను...

శుక్రవారం మర్చిపోయాను. శనివారం అడగడానికి మీరు లేరు.

కారు వచ్చాక ఆ పేజీ సూరిబాబుకి చూపించాను. వాడికి కోపం వచ్చింది. "మేస్త్రీగారు గుడ్డ మర్చిపోవడమేంటండీ! ఇంకెవరన్నా అంటే ఊరుకునేవాణ్ణి కాదు, మీరు కాబట్టి ఊరుకుంటున్నానండి" అన్నాడు. తర్వాత వాడే మెల్లగా, "ఎక్కడో గాలికి ఎగిరిపోయుంటుందండి అక్కగారూ" అన్నాడు. నేనూ అదే కోరుకున్నాను. అయినా ఒక్కో కన్నం తెరిచినప్పుడు నేను అక్కడ ఉంటానన్నాను.

మీరు చేసినట్టే చేశాం. ముందురోజు సాయంత్రమే నట్లన్నిటికీ నూనె పట్టించాడు. "తుప్పు పట్టిన నట్టుని మొదట బతిమాలాలి, తర్వాతే స్పానర్ పెట్టాలి" అనేవారుగా. పొద్దున్న బ్యాటరీ వైరు తీశాడు. నట్లు వేయడానికి నా పాత ఇడ్లీ రేకులు రెండు మీ బల్ల మీదే ఉన్నాయి, ఒక్కో గుంటలో ఒక్కో చోటి నట్లు. కొత్త రేకులు కొనుక్కోమని చెప్పి ఆ రెండూ మీరు ఎత్తుకుపోయినప్పుడు వారం రోజులు సణిగాను. ఇప్పుడు వాటి ఉపయోగం తెలిసింది.

సూరిబాబు మోకాలు వంగడం లేదు. వెనకవైపు నట్లు కనపడటానికి నేనే టార్చీ, అద్దం పట్టుకున్నాను. "ఇంకొంచెం కిందకండి... అయ్యో, నా కళ్ళలోకి కాదండి, ఇంజన్లోకండి!" అని అరిచాడు. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

మొదట గాలి గొట్టాలు ఊడదీశాడు. లోపలంతా నూనె జిడ్డు. గుడ్డ లేదు. వేడి తగలకుండా పెట్టిన రేకు తీశాడు. పైనుంచి టర్బోకి నూనె తెచ్చే సన్న పైపు విప్పాడు. దాని రాగి వాషర్లు రెండూ నా చేతికిచ్చి, "ఇవి మళ్ళీ వాడకూడదండి" అన్నాడు, మీ గొంతుతోనే. కింద పొగ గొట్టానికి ఉన్న మూడు నట్లలో ఒకటి రాలేదు. కాసేపు వదిలేసి, టీ తాగి వచ్చి మళ్ళీ పట్టుకుంటే వచ్చింది.

టర్బో బయటికి వచ్చింది. నత్తగుల్లలా ఉంటుందని మీరు చెప్పేవారు, నిజమే. పొగ ఒకవైపు చక్రాన్ని తిప్పితే, రెండోవైపు చక్రం గాలిని ఇంజన్లోకి తోస్తుంది, అంతేగా? రెండు నోళ్ళలోకీ టార్చీ వేసి చూశాం. గుడ్డ లేదు. సూరిబాబు చక్రాన్ని వేలితో తిప్పి, ఊపి చూశాడు. "చక్రం బాగానే ఉందండి. సత్తిబాబుగారు వెంటనే ఆపారు కాబట్టి బతికిందండి" అన్నాడు.

తర్వాత మానిఫోల్డు. ఎనిమిది నట్లు, చివర్ల నుంచి మధ్యకి. ఒక్కో నట్టూ ఇడ్లీ గుంటలోకి వెళ్తుంటే నేను పైకి లెక్కపెట్టాను. మానిఫోల్డు పక్కకి తీశాక ఇంజన్ కన్నాలు నాలుగూ కనపడ్డాయి. నాలుగింటిలోనూ చూశాం. లేదు.

"లేదండీ! చూశారా అక్కగారూ! నేను చెప్పలేదండీ!" సూరిబాబు మొహం ఎలా వెలిగిందనుకున్నారు... నాకూ గుండె తేలికైంది. ఇంకొక్క చోటే మిగిలింది. టర్బోలోంచి నూనె కిందకి, ఇంజన్లోకి తిరిగి వెళ్ళే పైపు. మానిఫోల్డు తీస్తే తప్ప దాని అడుగు అందదు. సూరిబాబు రెండు బోల్టులు విప్పి పైపు పక్కకి వంచాడు.

నేను అద్దం పట్టుకున్నాను. అద్దంలో, పైపు కింద కన్నంలో పసుపు కనపడింది.

వాడు ముక్కు శ్రావణంతో అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. మొత్తం వచ్చింది, ఒక్క పోగు కూడా లోపల మిగల్లేదు. అంచు కూడా చెక్కుచెదరలేదు. పైనుంచి వచ్చే నూనె కిందకి దారి లేక, చక్రం పక్క నుంచి పొగలోకి వెళ్ళిపోయింది. అదే జబ్బు.

సూరిబాబు దాన్ని పిండి జేబులో పెట్టేసుకున్నాడు. "ఇది నా దగ్గరే ఉండిపోతుందండి. టర్బోలో నూనె సీలు అరిగిపోయిందని చెబుదాం. సత్తిబాబుగారు నమ్ముతారండి" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుని వెళ్ళకపోతే బాగుండేదని వాడు ఇప్పటికి ఎన్నిసార్లు అన్నాడో... "గుడ్డ పెట్టేవాడు ఒకడు, తీశాక లెక్క చెప్పేవాడు ఇంకొకడు ఉండాలి" అని మీరే కదా వాడికి నేర్పారు?

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం నాకూ మనసైంది. మీ పేరు మీద మచ్చ ఎందుకు? ఎవరికి నష్టం? కానీ మీరెప్పుడూ అలా చెయ్యలేదు. ముందటేడు సూరిబాబు ఒక నట్టు బిగించడం మర్చిపోతే, బండివాడిని పిలిచి మీరే చెప్పి మళ్ళీ బిగించారు. గుడ్డ ఇమ్మన్నాను. ఇచ్చాడు.

అన్నీ శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్లు, కొత్త రాగి వాషర్లు వేసి, నట్లు ఈసారి మధ్య నుంచి చివర్లకి బిగించాడు. గుడ్డలు నేనే లెక్కపెట్టాను. మీలాగే కాలవ వంతెన దాకా తోలి చూసి వచ్చాడు. పొగ లేదు.

సత్తిబాబుగారు వచ్చినప్పుడు ఆ గుడ్డ ఆయన ముందు పెట్టాను. ఇది మావారి పొరపాటండి అని చెప్పాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. తర్వాత మీరు నాకు చెప్పని మాట ఆయన చెప్పారు.

ఆ గురువారం మధ్యాహ్నం పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఆయన షెడ్డుకి వచ్చారట. మీరు టైరు మీద కూర్చుని ఉన్నారట. చొక్కా అంతా తడిసిపోయి, ఎడమ భుజం పట్టుకుని. "స్కూటర్ ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్దాం రండి మేస్త్రీగారూ అన్నానండి. గ్యాస్ అండి, మీ కారు సాయంత్రానికి అయిపోవాలి అన్నారండి. నేనూ సరే అని వెళ్ళిపోయానమ్మా. నా కారు కోసమే కదండీ..." అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన నోరు విప్పనిది పొగ గురించి కాదని అప్పుడర్థమైంది.

కాఫీ ఇచ్చాను. ముగ్గురం తాగాం.

మీకు తెలుసా, ఆ గురువారం మీరు కారుని వంతెన దాకా తోలి చూడలేదట. పక్క టీకొట్టు ఆవిడ చెప్పింది. రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేశారట. మీరు ఎప్పుడైనా అలా ఇచ్చేవారా? భుజం పొద్దున్నుంచే నొప్పిగా ఉందా? నేను గుడ్డ గురించి అడిగి ఉంటే, ఎక్కడ మర్చిపోయానా అని ఆలోచిస్తూ భుజం సంగతి కూడా చెప్పేవారా... చెబితే కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. శుక్రవారం అంతా ఉంది మన చేతిలో.

మీరు దాచారు, నేను అడగలేదు. మీ మీద కోపం ఉంది. నా మీద కూడా ఉంది. ఏడుస్తూ రాయడం లేదు, కంగారు పడకండి.

గుడ్డ రెండుసార్లు ఉతికాను. నూనె పోయింది, రంగు కొంచెం వెలిసింది. మిగతా ఐదింటి పక్కన ఆరేశాను. పుస్తకంలో ఆ గురువారం పేజీ దిద్దలేదు. ఐదు ఐదుగానే ఉంది. కింద ఈ రోజు తేదీ వేసి ఆరు అని రాశాను.

రేపటి నుంచి సూరిబాబుతో పాటు షెడ్డులో నేనూ ఉంటాను, గుడ్డలు పెట్టినప్పుడూ తీసినప్పుడూ. ఒక్కటి తక్కువైతే ఆ పూటే అడుగుతాను. మనిషి ఎంత అలిసిపోయి పడుకున్నా సరే... లేపి అడుగుతాను.

ఉంటానండీ. సూరిబాబు అన్నానికి వచ్చే వేళైంది.

మీ
వరలక్ష్మి