పాత పత్రానికి రుసుము

ఇలోయిలో, శుక్రవారం

మనవరాలు లిగాయాకు,

ఒంటరి వృద్ధులకు గంటల లెక్కన తోడు వెళ్లే మన పనిలో, తోడు కోరేవాళ్లు తెచ్చే పరిచయ పత్రం, అంటే ఇంతకుముందు తోడున్నవాళ్లు రాసిచ్చింది, ఆరు నెలలు దాటితే మూడు వందల పెసోలు కట్టాలన్న నియమం పెట్టింది నేనే. అందరి దగ్గరా వసూలు చేశాను. సెవెరినో గారి పత్రం మీద మాత్రం రెండు నెలలు తేదీ చూడలేదు. ఎందుకని అడగకు. గురువారాలు ఆయనతో చర్చికి వెళ్లి, తర్వాత అల్లం టీ తాగుతూ పేకాడేదాన్ని.

చివరికి చూస్తే అది మూడేళ్ల పాతది. రాసింది, నాకంటే ముందు ఆయనకు తోడు వెళ్లిన ఫిలొమీనా. రుసుము అడిగితే ఆయన నవ్వారు. నేను బడి పని మానేసి ఎన్నేళ్లయినా ఆయనకు టీచరమ్మనే.

"అంత డబ్బు దండగెందుకు టీచరమ్మా? జీప్నీ ఎక్కితే ఫిలొమీనా ఇల్లు పావుగంట. కొత్తది రాయించుకొస్తాలే!"

"వెళ్లిరండి. తేదీ వెయ్యడం మరిచిపోవద్దని చెప్పండి," అన్నాను.

నిన్నటితో మూడు గురువారాలయింది, ఆయన నా దగ్గరకు రాలేదు. కొత్త పత్రం మాత్రం టపాలో వచ్చింది. తేదీ ఉంది, సంతకం ఉంది, ఒక్క తప్పు లేదు. "సెవెరినో మర్యాదస్తుడు. ప్రతి గురువారం మా ఇంటికి వస్తున్నాడు. పేకాటలో ఎప్పుడూ తనే గెలుస్తాడు," అని రాసింది. జుట్టుకు రంగేసుకునే ఆ ఫిలొమీనా కావాలనే ఓడిపోతుందని ఊరంతటికీ తెలుసు. నేను ఎవరికీ ఏనాడూ కావాలని ఆట వదులుకోలేదు.

ఆయనకు ఫోన్ చేసి, పాత పత్రమే చాలని, రుసుము లేదని చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పకు. గురువారానికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఓడిపోవడం ఎలాగో ఈలోగా నేర్చుకుంటాను.

అమ్మమ్మ