సుద్ద గుర్తు

ఫిబ్రవరి 3

అక్క ఎడమ కాలు తొడ దాకా వాచింది. ఎక్కువసేపు నిలబడి బట్టలు కత్తిరించినందుకేమోనని బావగారు రెండు రోజులు నూనె రాసి పిసికారు. ఆస్పత్రిలో లేడీ డాక్టర్ ఆ మాట విని తల పట్టుకుంది. లోపల రక్తం గడ్డకట్టిందట. అక్కలా క్లోమగ్రంథిలో క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ఇలా అవుతూనే ఉంటుందట. పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. బావగారు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నారు.

ఇక రోజూ పొద్దున పొట్టలో ఇంజెక్షన్ వేయాలి. ఇంట్లోనే. ఎవరు వేస్తారని నర్సు అడిగింది. బావగారు గోడ వైపు చూశారు. మా ఆయన ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి జారుకున్నాడు. అన్నదమ్ములంటే అన్నదమ్ములే. మిగిలింది నేను. తోటికోడలిని సూదితో పొడిచే అవకాశం ఎందరికొస్తుంది, వద్దంటానా అన్నాను. నర్సు నవ్వింది. అక్క నవ్వలేదు.

ఫిబ్రవరి 4

సూది ఎక్కడ గుచ్చాలో తేల్చుకోలేకపోయాను. ముందు గదిలోని మా కుట్టుపని కొట్టులో అక్క బట్ట కత్తిరిస్తుంది, నేను కుడతాను. నేను కుట్టింది విప్పి నా ఒళ్ళో పడేయడం ఆవిడకి అలవాటు. నాకు పెట్టిన పేరు వంకరకుట్టు. ఏళ్ళ తరబడి మా మధ్య బట్ట గురించి తప్ప వేరే మాట లేదు.

ఈరోజు నా తడబాటు చూసి దిండు పక్కనున్న సుద్దముక్క తీసింది. బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో చిన్న ఇంటూ గుర్తు పెట్టుకుంది. గీత మీద కుట్టడం ఎలాగూ రాదు, గుర్తు మీద గుచ్చడమైనా నేర్చుకో అంది.

గుచ్చాను. రుద్దకూడదు, దూది పెట్టి నొక్కి పట్టుకోవాలని నర్సు చెప్పింది. పట్టుకున్నాను. చాలు, చెయ్యి తియ్యి అంది అక్క.

ఫిబ్రవరి 11

ఈరోజు పొట్ట కుడి వైపు గుచ్చాను. అక్క వంక పెట్టలేదు. అంటే మెచ్చుకున్నట్టే.

ఫిబ్రవరి 20

అక్క పొట్ట నిండా నీలం మచ్చలు, కొన్ని పసుపుపచ్చకి తిరిగాయి. మరకలున్న బట్టలో మంచి చోటు వెతికినట్టు వెతుకుతుంది. నేను వెళ్ళేసరికి గుర్తు పెట్టుకుని రెడీగా ఉంటుంది. లేటైతే సణుగుతుంది.

ఈరోజు ఉన్నట్టుండి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు తన కుట్లు కూడా ఇలాగే విప్పించేదట. తను గుడ్ల నీళ్ళు గుడ్లల్లోనే కుక్కుకుంటూ మళ్ళీ కుట్టేదట. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం అన్నాను. నువ్వెప్పుడడిగావు అంది. చెయ్యి తియ్యమని చెప్పడం మర్చిపోయింది. నేనూ తీయలేదు.

మార్చి 6

స్కాన్ రిపోర్ట్. లివర్‌కి పాకింది. కీమో ఆపేశారు. ఇంజెక్షన్ మాత్రం ఆపొద్దంది డాక్టర్. ఆపితే గడ్డ ఊపిరితిత్తులకి చేరొచ్చు, అప్పుడు క్షణాల్లో ప్రాణం పోవచ్చు అంది. క్షణాల్లోనా అని అక్క అడిగింది. క్యాన్సర్‌తో అయితేనో అని కూడా అడిగింది. కొన్ని నెలలు, నొప్పి పెరుగుతుంది, మందులిస్తాం అంది డాక్టర్. అక్క కొలతలు విన్నట్టు తలూపింది.

మార్చి 7

పొట్ట మీద సుద్ద గుర్తు లేదు. సుద్దముక్క కిటికీలో పెట్టేసింది.

ఇంక వద్దంది. తొందరగా పోయే దారి ఒకటుంటే రోజూ వచ్చి దాన్ని మూసే పని నీకెందుకంది. నా నోరు ఊరుకుంటుందా. నేను కుట్టిందల్లా విప్పావు, ఇది కూడా విప్పు, నీకు తృప్తిగా ఉంటుంది అన్నాను. మొహం అటు తిప్పుకుంది.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. బలవంతం చేయొద్దంది. కానీ రోజూ అడగమంది. మనుషుల మనసు మారుతుందట.

మార్చి 8

అడిగాను. వద్దంది.

మార్చి 9

అడగలేదు. నాకూ రోషం ఉంది. కాఫీ మా ఆయనతో పంపాను. రోజంతా మిషన్ తొక్కాను, ఒక్క కుట్టూ తిన్నగా రాలేదు. విప్పేవాళ్ళు లేరు.

నిజం రాసుకుంటే తప్పేముంది. ఆవిడ బతకాలని కాదు నా ఏడుపు. బతకదని నాకు తెలుసు. పొద్దున ఆ కాసేపు నాకు కావాలి.

మార్చి 10

ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. వంకరకుట్టూ అని పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. వెనక్కి వచ్చేశాను. ఇంజెక్షన్ల డబ్బా అల్మారాలో అలాగే ఉంది. రేపు అడుగుతాను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను, వాచిన కాలు తప్పించి.

మార్చి 11

వెళ్దామనే లేచాను. గౌను కొలతలకి ఎవరో వచ్చారు. టేపు ఆ వచ్చినామె భుజం మీద ఉండగానే బావగారి కేక వినపడింది. అక్క ఊపిరి కోసం కొట్టుకుంటోంది. నన్ను చూసింది. అంబులెన్స్ వాళ్ళు వచ్చేసరికి అయిపోయింది. డాక్టర్ చెప్పినట్టే.

తను కోరుకున్నట్టే పోయింది కదా అని మా ఆయన ఓదార్చాడు. అవునన్నాను. బట్టలు మార్చడానికి నన్నే పిలిచారు.

మార్చి 12

నిన్న బట్టలు మారుస్తుంటే కనబడింది. కుడి వైపు, బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో, సుద్ద గుర్తు. మొన్న సాయంత్రమే బావగారు ఒళ్ళంతా తుడిచారు. అంటే నిన్న పొద్దున పెట్టుకుంది. నేను వస్తానని పెట్టుకుంది.

ఆ గుర్తు మీద దూది పెట్టి నొక్కి పట్టుకున్నాను. చెయ్యి తియ్యమని ఎవరూ అనలేదు.